గడియ వేసిన పేరు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మబ్రూకా కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. రేవులో సైరన్ మోగితే పడవ మునిగిందనుకుంటుంది. మోగకపోతే, మునిగినా వచ్చి చెప్పే దిక్కు లేదనుకుంటుంది. అలాంటి మనిషి పొద్దున్నే, పడవెక్కి సముద్రం దాటబోయి జాడ లేకుండా పోయినవాళ్ల తల్లుల సంఘం తలుపు తీసి, తలకు చుట్టుకున్న గుడ్డ కూడా వదులు చేసుకోకుండా మొదట చేసే పని ఒక్కటే. కంప్యూటర్ పెట్టి కూతురి పేరు తెరుస్తుంది.

ఎమ్నా. తండ్రి పేరు, పేట, పుట్టిన ఏడు. రంగు వేయించుకున్న జుట్టు. కుడి మణికట్టు మీద, జుట్టు ఉంగరాలు చుట్టే ఇనుప కడ్డీ అంటుకుని కాలిన మచ్చ. ఒంటి మీద ఆకుపచ్చ స్వెట్టర్. అన్నీ మబ్రూకా తన చేత్తో ఎక్కించినవే. ఆఖరి గడిలో రెండు మాటలున్నాయి: జాడ లేదు.

ఆ రెండు మాటలూ ఉన్నాయో లేవో చూసుకుని, ఉన్నాయని నమ్మకం కుదిరాక, పక్కనున్న ఖాళీ గడిలో ఒక చుక్క పెడుతుంది. పెట్టగానే తెర ఎడమ అంచున చిన్న పెన్సిల్ బొమ్మ లేస్తుంది. ఇక ఆ చుక్కని సేవ్ చేయదు, చెరపదు. ఆ కిటికీని అలాగే కిందికి దించేసి, దాని మీద వేరే కిటికీ తెరుచుకుని పనిలో పడుతుంది. పెన్సిల్ ఉన్నంతసేపూ ఆ పేరు ఆమె చేతిలో ఉన్నట్టు. ఇంకెవరూ దాని పక్కన అక్షరం రాయలేరు. సాయంత్రం చుక్క చెరిపి, పెన్సిల్ పోయాక, గదికి తాళం వేసి ఇంటికి పోతుంది. తాళం వేసిన గదిలో రాసేవాళ్లెవరూ ఉండరు. అంటే బిడ్డకి ఇంకో రోజు గడిచినట్టే.

ఈ పెన్సిల్ సంగతి నేర్పింది లస్సాద్ మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సముద్రంలో తమ్ముడి కొడుకు పోయాక, తల్లులు ఎవరికివాళ్లు చింపికాగితాల మీద రాసుకున్న ఆనవాళ్లన్నీ కలిపి ఒక ఫైలు కట్టి పెట్టింది ఆయనే. ఫైలుండేది గోడకవతల వసీలా కంప్యూటర్‌లో. మబ్రూకా కంప్యూటర్‌కి అక్కడి నుంచి గోడకి కన్నం పొడిచి వైరు లాగారు. ఇటు గదిలో పోయినవాళ్ల వివరాలు ఎక్కుతాయి. అటు గదిలో, ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్లవి. రెండూ ఒక్క ఫైలే.

"పెళ్లివారిల్లు అనుకోండి," అన్నాడాయన నేర్పిన రోజున. "ఇంటి నిండా చుట్టాలు. స్నానాల గది ఒక్కటి. లోపలికెళ్లినవాళ్లు ఏం చేస్తారు? గడియ పెట్టుకుంటారు. బయటున్నవాళ్లు ఆగుతారు. గడియ లేకుండా ఇద్దరు ఒకేసారి దూరితే?"

"పరువు పోతుంది మాస్టారూ," అంది వసీలా. ఆ రోజు ఆ గదిలో తల్లులంతా నోళ్లకి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. ఎన్నాళ్లకో నవ్వారు.

"పరువు కాదే పిల్లా, ఫైలు పోతుంది. సగం నీ రాత, సగం ఆవిడ రాత కలిసిపోయి ఎవరిదీ కాకుండా పోతుంది." లోపల ఎవరున్నా ఫైలు పక్కన చిన్న గడియ ఫైలు ఒకటి పుడుతుందనీ, ఆఖరి మనిషి బయటికొస్తే అదే పోతుందనీ, దాని జోలికి మాత్రం పోవద్దనీ చెప్పాడు. లోపల మనిషి ఉండగా వైరు పీకితే పురిట్లో పేగు తెంపినట్టేనన్నాడు. మధ్యాహ్నం రొట్టె తినే వేళకి అందరూ అన్నీ మూసి బయటికి రావాలి. అప్పుడే ఆయన ఫైలుకి కాపీ తీసి జేబులో వేసుకుపోతాడు.

అందరూ తలూపారు. మబ్రూకా అందరికన్నా గట్టిగా ఊపింది. తరవాత ఒక మధ్యాహ్నం, ఒక కుర్రాడి పేరు పక్కన వసీలా జాడ లేదన్నది చెరిపి, ఖబరస్థాన్‌లో ఏ వరసలో పెట్టారో రాసింది. ఆ తల్లి వచ్చి ఈ గడప మీదే కూలబడి మట్టి నోట్లో కుక్కుకుంది. మర్నాటి నుంచే మబ్రూకా చుక్క పెట్టడం మొదలుపెట్టింది.

*

మంగళవారం దక్షిణపు గాలి లేచింది. కిటికీ సందుల్లోంచి ఎర్ర దుమ్ము దూరి కీబోర్డు మీద పేరుకుంటోంది. మబ్రూకా గుడ్డతో మీటలు ఒక్కొక్కటే తుడుస్తుంటే అవతలి గదిలో ఫోను మోగింది. వసీలా గొంతు మొదట మామూలుగా ఉంది. తరవాత తగ్గింది. తరవాత ఆగింది.

మబ్రూకా చేతిలో గుడ్డ కూడా ఆగింది.

వసీలా గుమ్మంలోకొచ్చి నిలబడింది. ముప్పై దాటని మనిషి. అన్న పోయిన దగ్గర్నుంచి నలుపు తప్ప కట్టదు. "పిన్నీ, హమ్దీ నడుముకి ఏం కట్టుకుని పోయాడన్నది సల్హా పిన్ని?"

మబ్రూకా ఊపిరి వదిలింది. హమ్దీ. ఎమ్నా కాదు. వదిలిన ఊపిరికి మరుక్షణమే సిగ్గుపడింది. హమ్దీ తల్లి సల్హా రోజూ మట్టిపొయ్యి మీద రొట్టె కాల్చి వేడి వేడిగా ఇక్కడికే తెస్తుంది. కొడుకు తినే రొట్టె ఎవరో ఒకరు తినాలంటుంది.

"బెల్టు లేక తాడు కట్టుకున్నాడు. వలలకి వాడే నీలం తాడు. వాళ్ల మామ జడలాగా అల్లిచ్చాడు. ఏం, వాడేనా?"

"ఉప్పు మడుల అవతల దొరికాడట. చూసిన జాలరి చెప్పిన తాడు అలాగే ఉంది." వసీలా వేళ్లు గుమ్మం చెక్క గీరుతున్నాయి. "ఆసుపత్రి మంచుగదిలో చోటు లేదట. గురువారం పొద్దున అనామకుల ఖబరస్థాన్‌లో పెట్టేస్తారట. ఈలోపు మన ఫైల్లో రెండు వైపులా కలిపి, అచ్చు తీసి పంపాలి. నోటిమాటా చేతిరాతా వాళ్లకి చెల్లవుగా."

"సల్హాకి?"

"కాగితం చేతికి రాకుండా తల్లికి చెప్పకూడదని మనమే కదా పెట్టుకున్నాం. ఆ ఖద్దూజ పిన్నికి ఎవరి బిడ్డనో చూపించి..." మాట పూర్తి చేయలేదు. చేయక్కర్లేదు. ఖద్దూజ పరాయి పిల్లాడి కాళ్లు పట్టుకుని ఏడ్చింది అందరూ చూశారు.

వసీలా అటు వెళ్లింది. కాసేపు మీటల చప్పుడు. మళ్లీ కేక.

"పిన్నీ! హమ్దీది నీ చేతిలో ఉందా?"

"లేదు."

"మరొకరి చేతిలో ఉంది, మార్చడం కుదరదంటోంది."

"నేను తెరవనే లేదు పిల్లా, ఒట్టు!"

అది నిజమే. ఆమె తెరిచింది ఎమ్నాని. హమ్దీని ముట్టుకోలేదు. అయినా ఒట్టు పెట్టుకోగానే అనుమానం వచ్చింది. ఇదంతా ఎత్తేమో. హమ్దీ పేరు చెప్పి అన్నీ మూయించి, ఎమ్నా పక్కన రాయడానికేమో. ఉప్పు మడుల దగ్గర దొరికింది మగపిల్లాడేనని ఎవరు చూశారు? మీదున్న కిటికీలు ఒక్కొక్కటే మూసింది. అడుగునున్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మధ్యాహ్నం లస్సాద్ మాస్టారు వచ్చాడు. దుమ్ముకి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. సల్హా తెచ్చిన రొట్టె విరిచి, మిరప ముద్దలో ఆలివ్ నూనె పోసుకుని అద్దుకు తింటూ, వసీలా భుజం మీదుగా తెరలోకి చూశాడు.

"గడియ ఇంకా ఉందే. ఎవరో లోపలున్నారు. చెల్లెమ్మా మబ్రూకా, మూశావా?"

"మూశాను మాస్టారూ."

"మరి లోపలెవరమ్మా, జిన్ను దెయ్యమా? దానికీ ఒక రొట్టె ముక్క పడేయండి, తిని పోతుంది." అని, నవ్వు సగంలో ఆపేసి తల గోక్కున్నాడు. "చాలా రోజుల నుంచీ ఇదే తంతు. కాపీ తీయనివ్వడం లేదు. రేపు కంటి డాక్టర్ దగ్గరికి స్ఫాక్స్ పట్నం పోవాలి. శుక్రవారం వచ్చి దీని సంగతి తేలుస్తా."

సల్హా అక్కడే, గోడకానుకుని కూర్చుని, రొట్టెలు చుట్టి తెచ్చిన గుడ్డ మడత పెడుతోంది. "జిన్నులు మావాడికి భయం మాస్టారూ. చిన్నప్పుడు చీకటైతే నా కొంగు వదిలేవాడు కాదు," అంది.

వసీలా తల తిప్పి మబ్రూకా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, తిట్టడం లేదు. మబ్రూకా లేచి టీ పొయ్యి మీద పెట్టింది.

*

బుధవారమంతా గోడకవతలి నుంచి అదే మాట.

"పిన్నీ, ఒక్కసారి అన్నీ మూసి బయటికొస్తావా?"

"వచ్చాను పిల్లా."

"మొత్తం కంప్యూటరే ఆపేస్తావా?"

"నూర్ తల్లి ఫోన్లో ఉంది, ఆవిడది రాసుకుంటున్నా. కాసేపాగు."

ఫోన్లో ఎవరూ లేరు. మబ్రూకా చెవికి ఆనించుకున్న ఫోన్లోంచి తన రక్తం హోరే తనకి వినిపిస్తోంది. ఎంతగా అడుగుతుంటే అంతగా అనుమానం గట్టిపడుతోంది. ఇది హమ్దీ కోసం కాదు. హమ్దీ కోసమైతే ఆ పిల్ల గొంతు ఎందుకలా జారిపోతుంది? ఎందుకు ఒక్కసారైనా "ఏం తెరిచి కూర్చున్నావు?" అని వచ్చి చూడదు? చూడటానికి భయపడుతోందంటే చూడకూడనిదేదో తెలిసే ఉండాలి.

గురువారం మబ్రూకా అందరికన్నా ముందొచ్చింది. ఎమ్నాని తెరిచింది. చుక్క పెట్టింది. పెన్సిల్ లేచింది.

వసీలా వచ్చి పలకరించకుండా తన గదిలోకి పోయింది. కుర్చీ జరిగిన చప్పుడు. కొన్ని మీటలు. ఆగి, మళ్లీ అవే మీటలు. బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ. తరవాత మబ్రూకా తెర బిగుసుకుపోయింది. మౌస్ కదిపితే కదల్లేదు. చూస్తుండగా మధ్యలో ఒక గడి లేచింది: నెట్‌వర్క్ దారి తెగింది.

"వైరు!" అని అరిచింది మబ్రూకా. "వైరెవరు పీకారు!"

ముసలి మోకాళ్లు అంత వేగంగా లేస్తాయని ఆమెకే తెలీదు. అవతలి గదిలో వసీలా నిలబడే టైపు చేస్తోంది. గోడ కన్నంలోంచి వచ్చే వైరు ఊడి నేల మీద పడి ఉంది. ఆ పిల్ల వైరు పీకింది. గడియ ఫైలు చెరిపేసింది. ఆగమని చెప్పడానికి ఎవరూ లేని ఫైల్లోకి దూరి రాస్తోంది.

"ఒక్క నిమిషం పిన్నీ. నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క నిమిషం. అచ్చు వస్తోంది."

మబ్రూకాకి తెర మీది పేరు కనపడలేదు. రాస్తున్న చెయ్యి ఒక్కటే కనపడింది. వంగి వైరందుకుంది. వసీలా "వద్దు!" అనే లోపు దాని మూతిని కంప్యూటర్ పెట్టెలో గుచ్చింది. టక్కున పట్టుకుంది. పెట్టె మీద పచ్చదీపం రెపరెపలాడింది. అవతలి గదిలో ఎమ్నా పక్కన వేలాడుతున్న చుక్క దారి దొరికి ఫైల్లోకి పరుగెత్తింది. ఇటు వసీలా రాత అదే చోటులో ఉంది.

ప్రింటర్ కాగితాన్ని సగం బయటికి తోసి ఆగింది. హమ్దీ అన్న పేరుంది. దాని కింద గళ్లన్నీ చిందరవందర గుర్తులు. తెర తెల్లబోయి, ఒక మాట చూపించింది: ఈ ఫైలును గుర్తించలేకపోతున్నాం.

వసీలా ఆ సగం కాగితం లాగి పట్టుకుంది. మబ్రూకా ముఖంలోకి చూసింది. చెప్పుల్లో కాళ్లు దూర్చి, సల్హా ఇంటి దారిన పరుగెత్తింది.

*

వాళ్లు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. మబ్రూకా అంతసేపూ ఆ తెల్ల తెర ముందే కూర్చుని ఉంది. సల్హా మోకాళ్ల దగ్గర బట్ట మట్టి పట్టి బిరుసెక్కింది. చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని గోడకి జారగిలపడింది. గోళ్ల నిండా మట్టి. కడుక్కోమని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

"ఖబరస్థాన్ గేటు దగ్గరవాడు కాగితం సగమేనన్నాడు," అంది వసీలా మెల్లగా, ఎవరికో చెబుతున్నట్టు. "పెద్దాయన్ని పిలవమన్నాం. పిలిచేసరికి..."

"తడారలేదక్కా," అంది సల్హా మబ్రూకాతో. "మట్టి ఇంకా తడారలేదు. చేత్తో తాకి చూశాను. కొంచెం ముందు వెళ్లుంటే ముఖం కడిగేదాన్ని. ఉప్పు కట్టి ఉంటుంది కదా, కళ్ల మీద. తల్లి కడగాలి కదక్కా."

మబ్రూకా తెల్ల తెర వైపు తిరిగింది.

శుక్రవారం పొద్దున లస్సాద్ మాస్టారు వచ్చాడు. ఒక కంటికి పట్టీ ఉంది. రెండో కన్ను నిప్పులు కక్కుతోంది. "ఎన్నిసార్లు చెప్పాను? ఏం చెప్పాను? వైరు పీకొద్దన్నానా లేదా? గడియ ఫైలు చెరపొద్దన్నానా లేదా? చదువుకున్నదానివి కదే! మళ్లీ వైరు పెట్టిందెవరు?"

మబ్రూకా భుజం మీది కొంగు నేలకి జారింది.

"నేనే," అంది వసీలా. "పీకిందీ నేనే, పెట్టిందీ నేనే."

"ఇంతమంది తల్లుల మాట నీ చేతిలో పెడితే నిమిషంలో గంగపాలు చేశావు. లే అక్కణ్ణుంచి. ఇంటికి పో. మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

వసీలా తన టీ గ్లాసు కడిగి బోర్లించింది. కుర్చీ బల్ల కిందికి తోసింది. మబ్రూకా పక్కనుంచి పోతూ, నేల మీద జారిన ఆమె కొంగు తీసి భుజం మీద వేసి, వెళ్లిపోయింది.

మబ్రూకా నిలుచున్నచోటే నిలుచుంది. నోరు విప్పితే చెప్పాల్సింది వైరు సంగతొక్కటే కాదు. చుక్క సంగతీ చెప్పాలి. చుక్క చెబితే ఎమ్నాని వదలాలి.

మాస్టారు పాత కాపీ తీసి పెట్టాడు. ఆలివ్ కోతల ముందరిది. ఆ తరవాత ఎక్కించినవన్నీ పోయాయి. అంటే ఆ తల్లులందరికీ మళ్లీ ఫోన్లు చేయాలి. సంఘం నుంచి ఫోనంటే కబురొచ్చిందనుకుంటారు. పిలవగానే ఎత్తుతారు. ఎత్తాక, కబురేం లేదమ్మా, నీ బిడ్డ వేసుకున్న చొక్కా రంగేమిటో ఇంకోసారి చెప్పు అనాలి. మబ్రూకా మొదటి ఫోన్ చేసింది. అవతలి తల్లి ఏడవలేదు, తిట్టలేదు. "తెల్లది. గుండీ ఒకటి ఊడితే నేనే కుట్టాను, నల్ల దారంతో," అని, ఆగి, "మర్చిపోయారా?" అని అడిగింది.

ఫోను పెట్టేశాక మబ్రూకా చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది.

మాస్టారు చల్లబడ్డాడు. తెర వైపు ఒంటికన్నుతో చూస్తూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. "తప్పు నాదీ ఉంది. గడియ ఒక్కో పేరుకీ విడిగా పడేట్టు పెట్టాల్సింది. పెట్టలేదు."

"అంటే ఏంటి మాస్టారూ?"

"పేర్లు లోపల గదులు గదులుగా పడుకుంటాయి చెల్లెమ్మా. ఒక్కో గదిలో కొన్ని. ఒకరి మీద చెయ్యి వేస్తే గడియ ఆ ఒక్కరికే పడదు, గది మొత్తానికీ పడుతుంది. పక్కనున్నవాళ్లని కూడా ఎవరూ ముట్టుకోలేరు. ఇప్పుడు మారుస్తున్నా. ఎవరి గడియ వాళ్లకే."

"పక్కనంటే... ఏ లెక్కన పక్కన?"

"ఎక్కించిన వరసన. ఒకరి తరవాత ఒకరు."

ఫైలు పుట్టిన రోజున మబ్రూకా, సల్హా ఒకే బెంచీ మీద భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. నువ్వు ముందు చెప్పంటే నువ్వు చెప్పనుకున్నారు. పడవలో కూడా పిల్లలిద్దరూ పక్కపక్కనే కూర్చునుంటారులే అంది సల్హా. ఆ మాటకి ఇద్దరికీ ఎంతో ఊరటగా అనిపించింది. ముందు ఎమ్నా. ఆ వెంటనే హమ్దీ.

*

వసీలా ఇంటి వాకిట్లో చాప మీద కూర్చుని గోధుమ రవ్వ జల్లిస్తోంది. మబ్రూకాని చూసి జల్లెడ ఆపలేదు. జరిగి చోటిచ్చింది.

"కూర్చో పిన్నీ. ఎండలో నడిచొచ్చావా? నీకసలే తల తిరుగుతుంది."

"హమ్దీకి గడియ వేసింది నేనే," అంది మబ్రూకా నిలబడే. "రోజూ ఎమ్నాని తెరిచి చుక్క పెట్టి కూర్చుంటాను. పక్కవాళ్లకి కూడా పడుతుందని తెలీదు. అల్లా తోడు, తెలీదు. వైరు పెట్టిందీ నేనే. నువ్వెందుకు మీదేసుకున్నావు? పద, మాస్టారితో చెబుతాను."

"చుక్క సంగతి నాకు తెలుసు."

జల్లెడలోంచి రవ్వ సన్నగా రాలుతోంది.

"ఎవరు లోపలున్నదీ గడియ ఫైల్లోనే రాసుంటుంది పిన్నీ. నీ కంప్యూటర్ పేరే. ఎప్పుడు చూసినా నీదే."

"తెలిసి... మరి ఒక్కసారి ఎందుకడగలేదే? ఎమ్నాని మూసెయ్ పిన్నీ, అని ఒక్క ముక్క అనుంటే హమ్దీ తల్లికి కొడుకు ముఖం దక్కేది కదే!"

వసీలా జల్లెడ కింద పెట్టింది. చేతులకంటిన పొడి దులపలేదు. వాటినే చూస్తూ కూర్చుంది.

"అంటే నువ్వు మూసేదానివి," అంది. "నువ్వు మూస్తే నేను రాయాల్సొచ్చేది."

"హమ్దీదేగా, రాయాల్సిందే కదా."

"హమ్దీది కాదు పిన్నీ."

వీధిలో ఎవరో మోపెడ్ మీద పోయారు. మబ్రూకా మెల్లగా చాప మీద కూర్చుంది.

"ఎప్పుడు?"

"ఆలివ్ కోతలప్పుడు. పక్కనున్న ద్వీపం అవతలి ఒడ్డు నుంచి ఫోనొచ్చింది. ఆకుపచ్చ స్వెట్టర్ అన్నారు. ఆకుపచ్చవి చాలా ఉంటాయి కదా అన్నాను. చెయ్యి... కుడి చెయ్యి చూసి చెప్పమన్నాను." వసీలా తన మణికట్టు మీద వేలుంచింది. "చెప్పారు."

మబ్రూకా ఆ వేలునే చూస్తోంది.

"అక్కడే పెట్టారు. మంచి చోటేనన్నారు, గట్టు మీద. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను పిన్నీ. తెరిస్తే నీ చేతిలో ఉందని వచ్చింది. అది చూసి..." మణికట్టు మీంచి వేలు తీసింది. "హమ్మయ్య అనుకున్నాను. ఈరోజుకి తప్పింది అనుకున్నాను. మర్నాడూ తెరిచాను. గడియ ఉంది. ఆ పై రోజూ ఉంది. పొద్దున్నే అది చూసుకునే టీ తాగేదాన్ని. నువ్వు లోపల గడియ పెట్టుకున్నావు. నేను తలుపు కొట్టలేదు. అంతే. ఇద్దరం కలిసి సల్హా పిన్నిని..."

మబ్రూకా చెయ్యి చాచి, ఆ పిల్ల చేతులకున్న గోధుమ పొడి తన కొంగుతో తుడవసాగింది. వేళ్ల సందులు, గోళ్ల చివర్లు, పసిపిల్లకి తుడిచినట్టు. తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉంది. ఇన్నాళ్లూ తను ఎంచిన కీడులన్నిటిలో ఇది లేదు. ఎవరికో తెలిసే ఉంటుందని, తెలిసి కూడా రోజూ తన టీలో చక్కెర కలిపి ఇస్తుంటారని ఎన్నడూ ఎంచలేదు.

*

శనివారం ఇద్దరూ కలిసే వచ్చారు. మబ్రూకా గుమ్మంలోనే మాస్టారికి చెప్పింది, చుక్కా వైరూ రెండూ. ఆయన కంటి పట్టీ సరిచేసుకున్నాడు. "నీ కుర్చీ నీదే పిల్లా," అన్నాడు వసీలాతో, నేల చూస్తూ.

సల్హా రొట్టెలు తెచ్చింది. ఆ రోజు కూడా తెచ్చింది. మబ్రూకా ఆమె చేతిలోంచి మూట అందుకోకుండా, ఎదురుగా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. సల్హా విన్నది. మూట విప్పింది. మాస్టారి ముందొక రొట్టె పెట్టింది. వసీలా ముందొకటి. మబ్రూకా బల్ల దగ్గరికొచ్చి ఆగింది.

"ఆ రోజు మనం పక్కపక్కన కూర్చోకుండా ఉండాల్సింది," అంది.

రొట్టె మటుకు పెట్టింది. పెట్టి, గుడ్డ మడిచి చంకలో ఇరికించుకుని, ఎప్పుడూ జారగిలబడే గోడ వైపు చూడకుండా వెళ్లిపోయింది.

మబ్రూకా తన కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత కాపీ తెరిచింది. అందులో ఎమ్నా ఉంది. తండ్రి పేరు, పేట, రంగు జుట్టు, మచ్చ, ఆకుపచ్చ స్వెట్టర్. జాడ లేదు. ఖాళీ గడి ఖాళీగానే ఉంది. చుక్క లేదు. ఒక్కొక్క గడీ వేలితో తెర మీద తాకుతూ చదువుకుంది. స్వెట్టర్ దగ్గర ఆగి, చేతుల అంచులు తను విప్పి మళ్లీ అల్లానన్నది ఎక్కడా లేదని గుర్తొచ్చి, అది రాసింది. పెన్సిల్ లేచింది.

చాలాసేపు అలాగే కూర్చుంది. గోడకవతల మీటల చప్పుడు లేదు. వసీలా కూడా కూర్చునే ఉంది.

మబ్రూకా సేవ్ నొక్కింది. పెన్సిల్ పోయింది. కిటికీ మూసింది. అడుగున ఇంకేమైనా ఉందేమో అని అన్నీ వెతికి చూసి, ఏమీ లేదని రూఢి చేసుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. గోడ కన్నంలోంచి వచ్చే వైరు మీద, పసిపిల్ల వీపు మీద వేసినట్టు, అరచెయ్యి వేసింది.

"వసీలా," అని పిలిచింది. "ఎమ్నా నా చేతిలో లేదమ్మా. రాసుకో."